గుండీల పెట్టెలో మూడు రంగులు

ఆ వీధిలో ఎవరికి తలనొప్పి వచ్చినా ముందు గుర్తొచ్చేది డాక్టరు కాదు, గుండీలక్క. జ్వరం తగిలినా ఆమే, నడుం పట్టేసినా ఆమే, ముక్కు కారినా ఆమే. ఆమెకూ సొంత పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు. చదివింది ఎనిమిదో తరగతి. చేసేది కుట్టుపని. అయినా చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఆమె హస్తవాసికి ఉన్న పేరు పట్టా పుచ్చుకున్నవాళ్ళకు లేదు. ఇదేం విడ్డూరమని అడిగినవాడు ఒక్కడూ లేడు. అడగవలసినవాళ్ళంతా ఆమె దగ్గర మాత్ర పుచ్చుకున్నవాళ్ళే మరి.

దుకాణం పెద్దదేం కాదు. పొడుగాటి గది, మూడు కుట్టు మిషన్లు, అంచులు కొట్టే ఓవర్‌లాక్ మిషను ఒకటి, లోపలి గోడకు ఆనించి కటింగ్ బల్ల. గుమ్మం పక్కనే గుండీలక్క మిషను. దాని పక్కన స్టూలు మీద ఇరవై నాలుగు గళ్ళ గుండీల పెట్టె. మిగతా దర్జీల దగ్గర గుండీలు డబ్బాల్లోనో, సొరుగులో దారప్పోగుల మధ్యో దొర్లుతుంటాయి. ఈమె దగ్గర ఆ పప్పులుడకవు. నాలుగు కన్నాలవి ఒక గడిలో, రెండు కన్నాలవి ఒక గడిలో, హుక్కులు ఒకచోట, ప్రెస్సు గుండీలు ఒకచోట. కళ్ళు మూసుకుని వేలు పెట్టినా కావలసిందే తగిలేది. చివరి వరసలో చివరి మూడు గళ్ళు మాత్రం గుండీలవి కావు. ఒకదాంట్లో తెల్ల మాత్రలు, పక్కదాంట్లో పసుపువి, ఆ పక్కన గులాబీ రంగువి. తెల్లది జ్వరానికీ తలనొప్పికీ. పసుపుది జలుబుకి. గులాబీది ఒంటి నొప్పులకి.

మందుల షాపు నుంచి పెట్టెల కొద్దీ తెచ్చి, తీరిక చూసుకుని కూర్చుని, రేకుల్లోంచి ఒక్కొక్కటే నొక్కి తీసి గళ్ళల్లో పోసేది. రేకులు చెత్తబుట్టలోకి పోయేవి. రేకు అంచు తగిలితే సన్నగుడ్డల్లో దారం లేచిపోతుందని ఆమె బాధ. పైగా ఏ వస్తువైనా దాని గడిలో అది ఉండాలి గానీ, మధ్యలో ఈ తొడుగులు దేనికని వాదన. అట్ట చింపి గుండీలు పోసుకున్నట్టే రేకు చింపి మాత్రలు పోసుకుంది. పని బాగా తెలిసిన మనిషి చేసే తప్పు ఇది. పని రానివాళ్ళకు ఇంత శుభ్రంగా తప్పు చేయడం చేతకాదు. ఆ రేకుల వెనక సన్నటి అక్షరాల్లో ఏదో రాసి ఉండేది. అది చదివే ఓపిక ఆమెకు లేకపోయింది. ఆ మాటకొస్తే మనలో ఎంతమందికి ఉంది?

ఆమె పనితనంలో ఇంకో పద్ధతి ఉంది. గుడ్డకు దారం రంగు కలపాలంటే దుకాణంలో నిలబడి కలపదు. గుడ్డా దారమూ పట్టుకుని గుమ్మంలోకి వెళ్తుంది. "ట్యూబులైటు అబద్ధాలు చెప్తుందమ్మా, గుమ్మం చెప్పదు" అంటుంది. తెలుపులో పాల తెలుపు వేరు, కాగితం తెలుపు వేరు, మీగడ రంగు వేరు. మనకు మూడూ తెలుపే. ఆమెకు మూడూ మూడు రీళ్ళు.

ఇంక కటింగ్ మాస్టరు సంగతి. అతను ఆమె తమ్ముడు. తల్లీతండ్రీ పోయినప్పుడు ఆమెకు పదహారు, వాడికి ఏడు. అప్పట్నించీ మిషను తొక్కి వాణ్ణి పెంచింది. పెళ్ళి గురించి ఎవరైనా ఎత్తితే, "నాకు ఆల్రెడీ ఒక కొడుకున్నాడు, ఇంక మొగుడెందుకు" అని నవ్వేసేది. వాడికి కత్తెర పట్టడం నేర్పింది, ఇల్లు కట్టించింది, పిల్లను చూసి పెళ్ళి చేసింది. వాడూ అంతే. అక్క మాట జవదాటడు. ముప్ఫై నాలుగేళ్ళొచ్చినా అక్క "నోరు తెరువు" అంటే తెరిచేవాడు. ఆ నోరు తెరవడమే కొంప ముంచింది.

బడులు తెరిచే ముందు రోజులు. మూడువందల జతల యూనిఫారాలు ఒప్పుకున్నారు. బల్ల మీద నీలం గుడ్డ పొరలు పొరలుగా పరిచి ఉంది. సోమవారం పొద్దున మాస్టరు వణుకుతూ వచ్చాడు. ఒళ్ళు పెనంలా ఉంది, ముక్కు కారుతోంది, కీళ్ళు పీకుతున్నాయి.

"ఇంటికెళ్ళి పడుకోరా" అంది గుండీలక్క.

"పడుకుంటే ఇవెవరు కోస్తారక్కా? నీ మాత్రలివ్వు, తగ్గిపోద్ది."

జ్వరానికి తెల్లది, జలుబుకి పసుపుది, నొప్పులకి గులాబీది. మూడూ అరచేతిలో పెట్టింది. గంటలో చెమట పట్టి జ్వరం దిగింది. వాడు కత్తెర అందుకున్నాడు. ఆమె గర్వంగా చూసుకుంది. సాయంత్రానికి మళ్ళీ కాగింది, మళ్ళీ మూడు. అలా రోజుకు నాలుగుసార్లు, నాలుగు రోజులు. వాడు తిండి మానేశాడు. రొట్టె ముక్క కూడా చేదుగా ఉందన్నాడు. మూడో రోజు కడుపులో తిప్పుతోందన్నాడు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. "జ్వరం బయటికి పోతోందిలే" అని వీపు నిమిరింది అక్క.

శుక్రవారం పొద్దున వాడు పన్నెండు పొరల గుడ్డ తప్పు కోశాడు. పదిహేనేళ్ళలో ఒక్క కాలరు చెడగొట్టనివాడు. చేతులు రావలసినచోట మెడ కోశాడు, కోసి దానివంక ఇది ఎవరు కోశారన్నట్టు చూస్తున్నాడు. గుండీలక్కకు అసలే ముక్కు మీద కోపం. లేచి వచ్చి భుజం పట్టుకుంది.

"కళ్ళు కనిపిస్తున్నాయా నీకు? ఇటు రా, వెలుతుర్లోకొచ్చి చూడు ఏం చేశావో!"

గుడ్డతో పాటు వాణ్ణీ గుమ్మంలోకి లాక్కొచ్చింది. తల ఎత్తి తిట్టబోయి, వాడి కళ్ళు చూసింది. తెల్లగుడ్డు తెల్లగా లేదు. పాల తెలుపు కాదు, కాగితం తెలుపు కాదు, మీగడా కాదు. మీగడ దాటి పసుపులోకి పోయిన రంగు. నాలుగు రోజులుగా ట్యూబులైటు కింద అదే మొహం చూస్తూ, అదే నోట్లో మాత్రలు వేస్తూ ఉంది. చేతిలో గుడ్డ ఎక్కడ పడేసిందో కూడా తెలియదు.

ఆసుపత్రిలో చూసింది ఒక చిన్నవయసు డాక్టరమ్మ. రక్తం తీసుకున్నారు, పొట్ట కుడివైపు నొక్కి చూశారు. నొక్కగానే వాడు మెలికలు తిరిగిపోయాడు. మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ దాన్ని రెండుసార్లు చదివి గుండీలక్కనూ, కబురంది పరిగెత్తుకొచ్చిన ఆమె మరదలినీ పక్కకు పిలిచింది.

"లివర్ బాగా దెబ్బతిందమ్మా. రక్తంలో నలభై లోపు ఉండాల్సిన లివర్ లెక్క తొమ్మిదివేలు దాటింది. రక్తం గడ్డకట్టడం కూడా మందగించింది. తాగుతాడా?"

గుండీలక్క ఒంటికాలి మీద లేచింది. "మా వాడా? తాగుడా? వాసన పడితే తల పక్కకు తిప్పుకుంటాడండీ! కావాలంటే ఆ పిల్లనడగండి!"

మరదలు ఏడుస్తూ తల అడ్డంగా ఊపింది. డాక్టరమ్మ నమ్మిందో లేదో తెలియదు, రాసుకుంది. "ఏమైనా మందులు వాడుతున్నాడా?"

"ఏమీ లేవండి. షుగర్ లేదు, బీపీ లేదు. శుభ్రమైన ఒళ్ళు."

చూశారా ఆ సమాధానం? ఆమె అబద్ధమాడలేదు. డాక్టరు రాసిస్తే, సీసా మీద పేరుంటే, పూటపూటా మింగితే అవి మందులు. గుండీల పెట్టెలోవి మందులేమిటి, ఇంట్లో సూదీదారం లాంటివి. నాలుగు రోజుల్లో నలభై ఎనిమిది మాత్రలు వాడి నోట్లో తన చేత్తో వేసిన మనిషి, "ఏమీ లేవండి" అని కళ్ళలోకి సూటిగా చూస్తూ చెప్పింది. పక్కనుంచి మరదలూ కాదనలేదు.

డాక్టరమ్మ ఇంకో దారి పట్టింది. "పనిచేసేచోట ఏమైనా రసాయనాలుంటాయా? రంగులు, థిన్నర్లు, మరకలు తీసే ద్రావకాలు?"

గుండీలక్క మొహం వెలిగింది. ఆ వెలుగు చూస్తే మనకు కోపం రావాలి గానీ జాలే వేస్తుంది. దుకాణంలో మిషను ఆయిలు మరకలు తీయడానికి ఒక నీళ్ళమందు ఉంది. ఘాటైన వాసన. పాత సీసాలో పోసుకుని గుడ్డతో అద్ది తుడుస్తారు. వీధి దుమ్ము తెల్లగుడ్డల మీద పడుతుందని కిటికీ మూసే ఉంచుతారు. అదే అయ్యుంటుంది! పాపం ఆ సీసాదే అయ్యుంటుంది! ఆటో ఎక్కి వెళ్ళి సీసా పట్టుకొచ్చింది.

డాక్టరమ్మ మూత తీసి వెంటనే పెట్టేసింది. "ఇవి కూడా లివర్‌ని పాడుచేస్తాయమ్మా. పీల్చినా, చర్మంలోంచి ఇంకినా లోపలికెళ్ళేది అక్కడికే. మూసిన గదిలో వాడటం పెద్ద తప్పు. కానీ దీన్ని రోజూ వాడేదెవరు?"

"నేనూ, మిషన్ల మీదుండే ఇద్దరాడవాళ్ళూ."

"మీ తమ్ముడు?"

"వాడెక్కడ? వాడికి సుద్దా కత్తెరా తప్ప..."

"మరి మీ ముగ్గురూ బాగున్నారుగా. అతనొక్కడికే ఇంత తొందరగా, ఇంత ఎక్కువగా ఎందుకొస్తుంది? వారం కిందటివరకు బాగున్న మనిషి. ఈ వారంలో కొత్తగా ఏం జరిగింది? బాగా ఆలోచించి చెప్పండి. ఒంట్లో ఏం పడిందో తెలిస్తే దానికి విరుగుడు ఉండొచ్చు. తెలియకపోతే చీకట్లో వెతుక్కున్నట్టే. ఎంత ఆలస్యమైతే అంత నష్టం."

"జ్వరం వచ్చిందండి" అంది మరదలు నెమ్మదిగా.

"జ్వరానికి ఏమిచ్చారు?"

మరదలు వదిన వైపు చూసింది. ఇంతకాలం నోట్లో నాలుక లేనట్టుండే పిల్ల. "వదిన మాత్రలు వేసిందండి" అంది.

"అవేం మాత్రలు?" అని డాక్టరమ్మ అడిగితే గుండీలక్క, "తెల్లదీ, పసుపుదీ, గులాబీదీ" అని చెప్పింది. చెబుతూనే అదేం సమాధానమో తన చెవులకే తెలిసింది. పేర్లేమిటంటే తెలియదు. రేకులున్నాయా అంటే లేవు. పదేళ్ళుగా వీధి మొత్తానికి పంచిపెట్టినవాటి పేరు ఏమిటో ఆమెకు తెలియదు.

మందుల షాపుకు పరిగెత్తింది. షాపతను ఎప్పటిలాగే, "ఏమక్కా, అయిపోయాయా?" అన్నాడు. తను కొనే మూడు రకాలూ ఒక్కో రేకు బల్ల మీద పెట్టమంది. పెట్టాడు. మొదటిదాన్ని తిరగేసి గుమ్మంలోకి వెళ్ళి, అక్షరం అక్షరం కూడబలుక్కుంది. పారాసెటమాల్. పసుపుదాన్ని తిప్పింది. రెండు మూడు పేర్లున్నాయి, వాటిలో మొదటిది పారాసెటమాల్. గులాబీదాన్ని గోటితో గీరి తిప్పింది. ఏదో నొప్పి మందు పేరు, ప్లస్ గుర్తు, పారాసెటమాల్.

"ఇదేంటి, మూడూ ఒకటేనా?"

"ఒకటే అంటే, అదే ఉంటదక్కా అన్నిట్లో. దాంతోపాటు జలుబుదాంట్లో ఇంకోటి, నొప్పులదాంట్లో ఇంకోటి కలుపుతారు."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వడిగితే కదా! వీధిలో వాళ్ళకి తలా ఒకటి ఇస్తావని తెలుసు గానీ, ఒక్కడికే మూడూ కలిపి వేస్తావని నాకేం తెలుసు?"

అతని మీద విరుచుకుపడదామని నోరు తెరిచింది. అతను చెప్పినదాంట్లో తప్పేముంది? రంగులు మూడైతే మందులు మూడనుకుంది. తెలుపులో మూడు రకాలు కనిపెట్టే కంటికి, మూడు రంగుల్లో ఉన్న ఒకే మందు కనిపించలేదు. మూడు రేకులూ కొంగున ముడివేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మూడు రేకులూ పక్కపక్కన పెట్టి కాగితం మీద లెక్క వేసింది. ఆరువందల యాభై, ఐదువందలు, మూడువందల పాతిక. పూటకు దాదాపు ఒకటిన్నర గ్రాము. నాలుగు పూటలకు ఆరు. "ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషికైనా రోజుకు నాలుగు దాటకూడదమ్మా. ఇంతేనా, ఇంకేమైనా ఉన్నాయా?"

అప్పుడు మరదలు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పొద్దున్నా, పడుకోబోయే ముందూ... వేడినీళ్ళల్లో కలిపే జలుబు పొడి ఇచ్చానండి. నిమ్మకాయ వాసనది. వదినకు తెలిస్తే నా మాత్రల మీద నమ్మకం లేదా అంటుందని చెప్పలేదు."

పొడి పొట్లం ఫోటో తెప్పించి చూశారు. దాంట్లోనూ అదే పేరు. అంతలో నర్సు మాస్టరు చొక్కా మడతపెడుతూ జేబులోంచి తీసి చూపించింది. కటింగ్ సుద్ద ముక్క ఒకటి, దాంతోపాటు ఐదు తెల్ల మాత్రలు. తల పగిలిపోతుంటే అక్క చూడకుండా పెట్టెలోంచి తీసుకుని మధ్యమధ్యలో వేసుకున్నాడన్నమాట. అక్క కంగారు పడుతుందని దాచాడు. అక్క, భార్య, తను. ముగ్గురూ ప్రేమకొద్దీ, ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే మందు ఆ ఒంట్లోకి కుమ్మరించారు. పగవాళ్ళు కూడబలుక్కున్నా ఇంత పకడ్బందీగా చేయలేరు!

"కొద్దిగా అయితే లివర్ దాన్ని విరిచి బయటికి పంపేస్తుంది" అంది డాక్టరమ్మ. "ఎక్కువైతే అందులోంచి విషం లాంటిది పుడుతుంది. దాన్ని చల్లార్చే సరుకు లివర్‌లో కొంతే ఉంటుంది. నాలుగు రోజులు తిండి లేని మనిషిలో అది ఇంకా తక్కువ. అది అయిపోయాక విషం లివర్‌నే తింటుంది. మంచి మందేనమ్మా ఇది. లెక్క తప్పితే ఇంతపని చేస్తుంది."

"విరుగుడు ఉందన్నారు కదమ్మా..."

"ఉంది. ఇప్పుడే ఎక్కిస్తున్నాం. మొదటి రోజే వచ్చుంటే ధైర్యంగా చెప్పేదాన్ని. ఇప్పుడు మూడు రోజులు చూడాలి. తిరగకపోతే లివర్ మార్చాల్సి రావచ్చు. నేను మొదట అడిగినప్పుడే చెప్పుంటే అరపూట కలిసొచ్చేది."

ఆ చివరి మాట కోపంతో అనలేదు. అయినా గుండీలక్కకు చెంప మీద కొట్టినట్టే తగిలింది.

మూడు రోజులు ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుంది. చేతులు ఖాళీగా ఉంచుకోవడం తెలియని మనిషి, చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటివంకే చూస్తూ కూర్చుంది. హస్తవాసి! లోపల తమ్ముడు ఒకసారి తనను అమ్మా అని పిలిచాడు, ఒకసారి ఎవరు నువ్వన్నాడు. రెండో రోజు లెక్క ఇంకా పెరిగింది. పెద్ద ఆసుపత్రికి ఫోను చేసి ఉంచామన్నారు. ఆమె మొక్కలేదు, ఏడవలేదు. వచ్చిన ప్రతి నర్సునూ, "ఇప్పుడెక్కించేదేంటమ్మా? పేరేంటి? ఎంత?" అని అడిగింది. ఆ నర్సులు విసుక్కున్నా వదల్లేదు.

ఈలోగా వీధి ఊరుకుంటుందా? లివర్ పోయిందంటే వీధికి ఒక్కటే కారణం తెలుసు. పరామర్శకొచ్చిన ఇస్త్రీ బాబాయి గొంతు తగ్గించి, "మెత్తగా కనిపించేవాళ్ళే లోపల్లోపల పట్టిస్తారమ్మాయ్, నీకు తెలీదు" అన్నాడు. దుకాణం ఎదురుగా బండి పెట్టుకుని ముప్ఫై ఏళ్ళుగా ఇస్త్రీ చేస్తున్న పెద్దాయన. మాస్టరును ఎత్తుకుని తిప్పినవాడు. ఆయనే అలా అంటే ఇంక మిగతావాళ్ళ సంగతి చెప్పాలా? మూడో రోజుకి మరదలి తండ్రి ఫోను చేసి, తాగుబోతు దగ్గర నా కూతుర్ని ఉంచను, వచ్చి తీసుకెళ్తానన్నాడు. మరదలు కాదని చెబితే, మొగుణ్ణి వెనకేసుకొస్తోందనుకున్నాడు.

గుండీలక్క నోరు మెదపకపోతే ఆమెను అనుమానించేవాళ్ళు లేరు. తాగుడు అనే మాట ఒకటి సిద్ధంగా ఉంది, దాని వెనక హాయిగా దాక్కోవచ్చు. ఒక గంటసేపు దాక్కుంది కూడా. ఆ గంట గురించి ఆమె తరవాత ఎవరికీ చెప్పలేదు, మరదలికి తప్ప.

నాలుగో రోజు పొద్దున లెక్క తిరిగింది. తొమ్మిదివేల నుంచి పదకొండువేలకు ఎక్కింది కాస్తా ఏడువేలకు దిగింది. రక్తం మెరుగైంది. డాక్టరమ్మ బయటికొచ్చి, "మీవాడు నీళ్ళడిగాడు, వెళ్ళండి" అంది. లోపలికెళ్తే వాడు పసుపు కళ్ళతో చూసి, "అక్కా, కాలర్లు పాడుచేశాను కదూ" అన్నాడు. అప్పుడు ఏడ్చింది. పదహారేళ్ళప్పుడు ఏడవడానికి తీరిక లేక దాచుకున్నది కూడా కలిపి ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, మరదలి దగ్గర ఫోను తీసుకుని ఆమె తండ్రికి చేసింది. "మావాడు తాగలేదండి. నేనే చంపబోయాను. నా చేత్తో వేసిన మాత్రలు. కావాలంటే వచ్చి డాక్టరమ్మనడగండి" అంది.

అక్కణ్ణించి నేరుగా వీధికి వచ్చింది. గుండీల పెట్టె చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఎవరెవరికి ఏ రంగు ఎన్నిచ్చిందో ఆమెకు గుర్తే. కొలతలు గుర్తున్నట్టే అవీ గుర్తు. "నేనిచ్చినవి మిగిలుంటే ఇచ్చేయండి. మూడూ ఒకటే మందు. ఎక్కువైతే లివర్ పోతుంది. మా తమ్ముడికి అదే జరిగింది. తాగి కాదు. నేను వేసి." ప్రతి గుమ్మంలో ఇదే మాట, ఒక్క ముక్క తగ్గించకుండా. కొందరు నోరు తెరిచారు. కొందరు పొట్లాలు తెచ్చిచ్చారు. ఒకావిడ, "పోనిద్దూ, తమ్ముణ్ణి కాపాడుకోవడానికి నీ మీద వేసుకుంటున్నావు, మాకు తెలీదా" అని బుగ్గ నొక్కుకుంది. ఇంకొకావిడ నీ చేతిదైతేనే తగ్గుతుందని పొట్లం ఇవ్వనంది. వాళ్ళ ఇంట్లోకి చొరబడి అలమరలోంచి తీసుకుని వచ్చింది గుండీలక్క.

చివరికి ఇస్త్రీ బండి దగ్గరికి వచ్చింది. దుకాణం ముందు, రేకు కప్పు నీడలో, బాబాయి ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు సర్దుతున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. తల ఊపాడు. "అయ్యో, ఎంత గండం గడిచిందమ్మాయ్! పాపం వాణ్ణి ఏవేవో అన్నాను, నా నోట్లో మన్ను పడ" అని లెంపలేసుకున్నాడు. ఆ తరవాత మోకాలు పట్టుకుని, "అది సరేగానీ అమ్మడూ, ఈ నాలుగు రోజులూ నువ్వు లేక అల్లాడిపోయాననుకో. ఒక తెల్లదీ ఒక గులాబీదీ ఉంటే ఇలా పడెయ్" అని చేయి చాపాడు.

"బాబాయ్, ఇప్పుడు నేను చెప్పిందేంటి?"

"విన్నాలే. వాడంటే ఒక్కసారే అన్ని మింగాడు. నేనలా కాదుగా. పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం రెండు, మరీ సలిపితే ఇంకో రెండు. ఏడాదిగా వేస్తున్నా, ఏమైంది? నువ్వు ఇచ్చినవి చాలక నేనే షాపులో కూడా కొనుక్కుంటున్నా. నీ చలవ వల్లే నిలబడి పనిచేస్తున్నా."

"తిండి సరిగ్గా తింటున్నావా?"

"ఈమధ్య ఏదీ సయించడం లేదమ్మా. వయసు కదా."

గుండీలక్క పెట్టె బండి మీద పెట్టింది. ఆయన మణికట్టు పట్టుకుంది. "ఇలా రా" అని రేకు నీడలోంచి వీధిలోకి, ఎండలోకి తీసుకొచ్చింది. గుడ్డకు దారం కలపడానికి తీసుకొచ్చినట్టే.

"ఏంటమ్మడూ, ఎండ కొడుతోంది..."

"కళ్ళు తెరువు బాబాయ్. పైకి చూడు."

ఆయన నవ్వుతూ, చిన్నపిల్లాడిలా కళ్ళు పెద్దవి చేసి పైకి చూశాడు. ఆమె బొటనవేలితో కింది రెప్ప కిందికి లాగింది. ఒక కన్ను చూసింది. రెండో కన్ను చూసింది. మళ్ళీ మొదటిది చూసింది. ఇంకెవరైనా అయితే తెల్లగానే ఉందనేవాళ్ళు.

"ఇస్త్రీ పెట్టె దించెయ్ బాబాయ్" అంది. "బండి నేను మూయిస్తాను. ముందు ఆటో ఎక్కు."